బుల్లమ్మ బాగుపడింది

హైదరాబాదు,
1968 ఆగస్టు

నాన్నకు జగన్నాధం నమస్కరించి రాస్తున్నాను.

మీ కార్డు అందింది, అందులోని కోపమూ అందింది. కోట సంతలో ఎవరో "నీ కొడుకు సైన్సు సదివి అయిద్రాబాదులో పందులు కాత్తన్నాడటేటి?" అని నలుగురి ముందూ అన్నారని రాశారు. నేను కాయడం లేదు నాన్నా. ఎదిగే పంది పిల్లలకి మేతలో ఏ నూనె కలిపితే కొవ్వు ఎంత అరుగుతుంది, ఎంత అరక్కుండా పెంటలో పోతుంది అని చూసే పరిశోధన ఇది. విజయనగరంలో నేను చదివిన రసాయనశాస్త్రానికి దొరికిన ఉద్యోగం ఇదొక్కటే. పందికైనా కడుపు ఉంటుంది, ఆకలి ఉంటుంది. ఇందులో తలదించుకోవలసింది నాకేమీ కనిపించలేదు.

అయినా మీకిచ్చిన మాట నిలబెట్టుకుంటాను. అప్పకి రాసే ఉత్తరాల్లో 'పంది' అన్న మాట రాయను. కళింగపట్నంలో ఏ ఉత్తరం వచ్చినా అప్ప అరుగు మీద కూర్చుని అత్తగారికి పైకి చదివి వినిపించాలి. ఇరుగుపొరుగు కూడా చేరతారు. కోడలి తమ్ముడు పందుల దగ్గర ఉన్నాడని దాలమ్మ అత్త చెవిన పడితే ఆ ఇంట్లో అప్పకి ముద్ద దిగదని నాకూ తెలుసు. అందుకని వాటిని ఉత్త 'పిల్లలు' అని రాస్తాను. పంది పిల్లలూ పిల్లలే కనుక అబద్ధం ఆడినట్టూ ఉండదు.

మీరు మాత్రం ఈసారి కళింగపట్నం వెళ్లినప్పుడు అప్పని పక్కకి పిలిచి అసలు సంగతి నోటితో చెప్పేయండి. చిన్నప్పటినుంచీ అప్ప దగ్గర నాకు దాపరికం లేదు. విని నవ్వుతుంది, అంతే.

మీ
జగన్నాధం

*

కళింగపట్నం,
1968 సెప్టెంబరు

ఒరే తమ్ముడూ,

ఉద్యోగంలో చేరి ఇన్నాళ్లయినా అప్పకి ఒక్క కార్డు ముక్క రాయలేదు. నాన్న వచ్చి నీ సంగతులు చెప్పాడు కనుక బతికిపోయావు.

నాన్న అరుగు మీద కూర్చోగానే మా అత్త ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఇక కదలదే! "మీ అబ్బాయి ఏటి పని సేత్తన్నాడు?" అని అడిగింది. నాన్న కాసేపు నీళ్లు నమిలాడు. తర్వాత, "పిల్లలాస్పత్రిలో ఉన్నాడమ్మా. తల్లుల్నొదిలొచ్చిన పిల్లలికి ఏటెట్టాలో ఎంతెట్టాలో మావోడే సూత్తాడు" అన్నాడు. అప్పుడు మా అత్త ముఖం నువ్వు చూడాలి! నాన్నకి మళ్లీ కాఫీ పెట్టమని నాకు కేక వేసింది. నేను ఈ ఇంటికి వచ్చాక మా పుట్టింటివాళ్లకి రెండోసారి కాఫీ అందడం ఇదే మొదలు. నీ పుణ్యమే.

బయల్దేరేటప్పుడు నాన్న నన్ను వీధిలోకి పిలిచి ఏదో చెప్పబోయాడు. ఇంతలో శ్రీకాకుళం బస్సు వచ్చేసింది. "మళ్లీ సెప్తానులేమ్మా" అంటూ ఎక్కేశాడు. నీ పెళ్లి మాటే అయి ఉంటుంది.

అమ్మడు నిన్ను తలుచుకుంటోంది. "మావయ్య ఏటి తెత్తాడు?" అని రోజూ అదే ప్రశ్న. వేసవిలో దానికి తట్టు పోసింది కదా, అప్పటినుంచి కోలుకోలేదురా. మూడేళ్లు నిండాయన్నమాటే గాని ఎత్తుకుంటే చేతిలో బరువే తెలియదు. తిన్నది ఒంటికి పట్టడం లేదు. మా అత్త పథ్యం సంగతి నీకు తెలుసు. మిరియాల చారు పోసిన అన్నం తప్ప నూనె చుక్క తగలనివ్వడం లేదు.

నీ దగ్గరున్న ఆ గుంటల గురించి రాయి. తల్లి దగ్గర లేని పసివాళ్లు, పాపం. వాళ్లని కసురుకోకు.

మీ అప్ప
చిన్నతల్లి

*

హైదరాబాదు,
1968 అక్టోబరు

అప్పా,

నువ్వు 'ఆ గుంటలు' అని రాసింది చదివి గదిలో ఒక్కణ్ణే పడీ పడీ నవ్వాను. నీకు సాటి నువ్వే. నాన్న అన్నీ చెప్పాడు కనుక ఇక హాయిగా రాస్తాను.

మా దగ్గర పన్నెండుమంది పిల్లలున్నారు. తల్లిపాలు మాన్పించి తెచ్చినవాళ్లు. మూడు జట్లు చేశాం. ఒక జట్టుకి నువ్వులనూనె, ఒక జట్టుకి వేరుశనగ నూనె, ఒక జట్టుకి కొబ్బరినూనె తిండిలో కలిపి పెడతాం. ఎంత తిన్నారో తూచేది నేనే. తిన్నది అరిగి, మిగిలింది బయటికి వస్తుందే, దాన్ని పోగుచేసి, ఆరబెట్టి, అందులో ఎంత కొవ్వు మిగిలిందో తీసేదీ నేనే. లోపలికి పోయిన కొవ్వులోంచి బయటికి వచ్చిన కొవ్వు తీసేస్తే ఒంటికి పట్టింది ఎంతో తేలుతుంది. పని ముగించుకుని మెస్సుకి వెళితే నా పక్కన ఎవరూ కూర్చోరు. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ వాసన పోదు మరి.

మనవైపు పేర్లే పెట్టుకున్నాను. లక్ష్ముడు తిండిపోతు. గిన్నెలో కాళ్లు పెట్టి మరీ తింటాడు, పక్కవాణ్ణి తోసేస్తాడు. కూర్మయ్యకి తినడం, పడుకోవడం తప్ప వేరే వ్యవహారం లేదు. అందరిలోకీ చిన్నది బుల్లమ్మ. తెల్లగా ఉంటుంది. నా గొంతు వినబడితే చాలు పరుగెత్తుకు వచ్చి చొక్కా అంచు నోట్లో పెట్టుకుంటుంది. ఉన్న రెండు చొక్కాలకీ అంచులు లేవు ఇప్పుడు. ఒక్కొక్కప్పుడు ఈ ఊళ్లో నాతో మాట్లాడేది బుల్లమ్మ ఒక్కతే అనిపిస్తుంది.

అమ్మడికి ముద్దులు. దానికో రబ్బరు బొమ్మ కొని ఉంచాను.

జగన్నాధం

*

కళింగపట్నం,
1968 నవంబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం అరుగు మీద చదివాను. పక్కింటి జగ్గమ్మ కూడా వచ్చి కూర్చుంది. లక్ష్ముడు గిన్నెలో కాళ్లు పెడతాడన్న చోట అందరూ నవ్వారు. మా అత్త మాత్రం నవ్వలేదు. "తల్లి దగ్గర లేని గుంటడు. ఎలా తినాలో ఆడికెవులు నేర్పుతారే?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆవిడలో అంత మెత్తదనం ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. బుల్లమ్మని బాగా చూడమని నీకు రాయమంది. చొక్కా అంచు లాగితే కొట్టకూడదట.

ఇక ఈ మాట ఎవరికీ చెప్పకు. అత్త నిద్రపోతోంది, నేను రాస్తున్నాను. నేనే వెళ్లి తపాలా డబ్బాలో వేస్తాను. అమ్మడు రోజురోజుకీ చిక్కిపోతోంది. మీ బావ శ్రీకాకుళంలో డాక్టరుకి చూపించారు. బలం మందు రాసిచ్చాడు, అది తాగినా అంతే. నాకు ఒకటే అనిపిస్తోంది. నీ దగ్గర గుంటలకి నూనెలు పోసి పెంచుతున్నారు, నా బిడ్డకి చుక్క నూనె లేకుండా చేస్తున్నారు. అది పెరిగేదెలా? అత్తకి తెలియకుండా ముద్దలో కొంచెం నూనె కలిపి పెడదామని ఉంది. లేత కడుపుకి ఏ నూనె అరుగుతుందో, ఎంత పెట్టాలో రాయి. అమ్మడి పేరు మాత్రం ఎత్తకు, పైకి చదవాలి కదా. నీ పిల్లల సంగతిగానే రాయి, నేను పట్టుకుంటాను.

అప్ప

*

హైదరాబాదు,
1968 డిసెంబరు

అప్పా,

మా పిల్లల సంగతులు అడిగావు. నీలా నా పని గురించి అడిగినవాళ్లు ఎవరూ లేరు, కనుక కాస్త గొప్పలు పోతాను.

కొబ్బరినూనె జట్టు అందరికంటే ముందుంది. నువ్వులనూనె, వేరుశనగ నూనె లేత కడుపులకి మొదట్లో సరిగ్గా అరగవు, చాలాభాగం వచ్చిన దారినే పోతుంది. వయసు వచ్చేకొద్దీ అవీ అరుగుతాయనుకో. కొబ్బరినూనె అలా కాదు, మొదటినుంచీ ఇట్టే అరిగిపోతోంది. ముందు ఒక చెంచాతో మొదలుపెట్టి, అలవాటు పడ్డాక పెంచుతూ పోతాం. లక్ష్ముడు ఇప్పుడు నేను ఎత్తలేనంత అయ్యాడు. లేత కడుపు ఎవరిదైనా లేత కడుపేనని మా పెద్దసారు అంటారు. కనుక భయం లేదు, నిక్షేపంలా పెట్టవచ్చు.

పెద్దసారు నా లెక్కలు చూసి మెచ్చుకున్నారు. నాన్నకి చెబితే ఏమంటాడో. బుల్లమ్మ మాత్రం ఎంత తిన్నా పెరగడం లేదు. అదొక్కటే నాకు దిగులు.

జగన్నాధం

*

కళింగపట్నం,
1969 జనవరి

తమ్ముడూ,

దొంగతనం బయటపడిపోయింది. కొబ్బరినూనె కలిపి ముద్దలు పెడుతున్నానా, అమ్మడు వెళ్లి నానమ్మ ఒళ్లో కూర్చుంది. దాని నోటి వాసన పట్టేసింది మా అత్త. "తలకి రాసుకునే నూనె బిడ్డకెట్టినావేటే? సంపేత్తావేటి దాన్ని?" అని వీధి వీధంతా వినబడేలా అరిచింది. నేను లోపలికి వెళ్లి నీ ఉత్తరం తెచ్చి మళ్లీ పైకి చదివాను. 'లేత కడుపు ఎవరిదైనా లేత కడుపే' అన్న ముక్క రెండుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత, "అంతమంది గుంటల్ని సాకుతన్నాడు, ఆడికి తెలవదేటి" అంది. మర్నాడు తానే ఉద్దానం తోటల కొబ్బరినూనె తెప్పించింది. ఇప్పుడు అమ్మడికి ముద్దలు పెట్టేది ఆవిడే. నన్ను దగ్గరికి రానివ్వదు, నాకు కలపడం రాదట!

నీ మాట బంగారం, తమ్ముడూ. అమ్మడు నిండింది. బుగ్గలు వచ్చాయి, పొట్ట గుండ్రంగా వచ్చింది. కాళ్లు కూడా నున్నగా అయ్యాయి. మీ బావకి మాత్రం నమ్మకం చిక్కడం లేదు. "విరోచనం తెల్లగా అవుతున్నాది, ఓసారి ఇశాపట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్దాం" అంటారు. అత్తా నేనూ ఒక్కటై ఆయన నోరు మూయించాం. ఇంట్లో పిల్లల ఆస్పత్రి మనిషిని పెట్టుకుని ఊరివాళ్లని అడగడమేమిటి?

నేనూ మా అత్తా ఒక్కటవడం ఎప్పుడైనా విన్నావా నువ్వు?

అప్ప

*

హైదరాబాదు,
1969 ఫిబ్రవరి

అప్పా,

అమ్మడు నిండిందని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. నా లెక్కలు మొదటిసారి ఒక ఇంటికి పనికొచ్చాయి. ఇక్కడ ఊరంతా ప్రత్యేక రాష్ట్రం గొడవలుగా ఉంది. రోజు విడిచి రోజు బందు. ఉత్తరాలు ఎప్పుడు కదులుతాయో తెలియదు, ఆలస్యమైతే కంగారు పడకు.

నాకు మనసు బాగాలేదు. బుల్లమ్మ పోయేటట్టుంది. పొట్ట గుండ్రంగా వస్తే బలిసిందనే అనుకున్నాను. అప్పటికి నా కళ్లకి కనబడింది అంతే. మొన్న పెద్దసారు వచ్చి చేత్తో నొక్కి చూడమన్నారు. కుడివైపు పక్కటెముకల కింద రాయిలా తగిలింది. కొవ్వు అరగాలంటే కాలేయం నుంచి పిత్తం దిగాలట. అది దిగకపోతే ఎంత మంచి నూనె పోసినా వృథాయే. దాని విరోచనం సున్నపు ముద్దలా తెల్లగా ఉంటోంది, పైన నూనె తేలుతోంది. కాళ్లు ఉబ్బాయి. కళ్లు పసుపుపచ్చగా అయ్యాయి. మందు లేదని పెద్దసారు తేల్చేశారు. నా గొంతు వింటే ఇప్పటికీ తల ఎత్తుతుంది గాని లేచి రాలేదు. నేనే దగ్గరికి వెళ్లి చొక్కా అంచు అందిస్తున్నాను.

ఇంత చిన్నదాని కోసం ఇంత ఏడుస్తాననుకోలేదు.

జగన్నాధం

*

కళింగపట్నం,
1969 మార్చి

తమ్ముడూ,

నీ ఉత్తరం పైకి చదువుతూ సగంలో ఆగిపోయాను. అత్త "సదవే, ఆగిపోనావేటి" అంది. నేను చదవలేదు. ఉత్తరం పక్కన పడేసి అమ్మడి పొట్ట మీద చెయ్యి పెట్టాను. కుడివైపు పక్కటెముకల కింద. రాయిలా తగిలింది.

అత్త కూడా చెయ్యి పెట్టి చూసింది. దాన్ని ఎండలోకి తీసుకెళ్లి కనురెప్పలు విప్పి చూశాం. పసుపు. ఎన్నాళ్లనుంచో పసుపు. మేం బుగ్గలు చూసి మురిసిపోయాం గాని కళ్లు చూడలేదు. నున్నగా అయ్యాయన్న కాళ్లని వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది.

మీ బావ విశాఖపట్నం తీసుకుపోదామని బట్టలు సర్దించారు. నేనే వద్దన్నాను. అక్కడ మనకెవరున్నారు? నీ దగ్గరికే తెస్తాను. బుల్లమ్మకి వచ్చిన జబ్బే దీనికీ వచ్చింది. బుల్లమ్మని చూసిన డాక్టరుకి ఈ జబ్బు తెలుసు కదా. మందు లేదని పైకి అంటాడు గాని బిడ్డ ముఖం చూస్తే ఏదో ఒకటి చేయడా? మీ పెద్దసారు కాళ్ల మీద పడతాను.

నీ పిల్లల పక్కన మా అమ్మడికి ఒక మంచం ఇప్పించు. చోటు లేకపోతే బుల్లమ్మ మంచం మీదే పడుకోబెట్టు. ఇద్దరూ చిన్నవాళ్లే, సరిపోతారు. అమ్మడు ఎవరినీ తన్నదు, కదలకుండా పడుకుంటుంది. మంచం ఉందని నీ ఉత్తరం రాగానే రైలెక్కుతాం. ఆలస్యం చేయకు నాయనా.

అప్ప

*

హైదరాబాదు,
1969 మార్చి

అప్పా, ఇది పైకి చదవకు. ఎవరున్నా సరే, పైకి చదవకు.

ఇక్కడ మంచాలు లేవు. ఇది ఆస్పత్రి కాదు. నా పిల్లలు పంది పిల్లలు.

అప్పా, నీకు తెలుసనుకున్నాను. ఆ మాట ఉత్తరాల్లో రాయవద్దని నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నీకు నోటితో చెప్పేయమని నేనే నాన్నకి రాశాను. నాన్న సంగతులు చెప్పాడని నువ్వు రాస్తే ఇదీ చెప్పాడనే అనుకున్నాను, బస్సు దగ్గర ఆగిపోయింది నా పెళ్లి మాటేననుకున్నాను. నువ్వు 'గుంటలు' అని రాసినప్పుడల్లా అత్తగారి ముందు భలే నటిస్తోందని నవ్వుకున్నాను. లేత కడుపు ఎవరిదైనా ఒకటేనని రాసింది పందుల లెక్క చూసుకుని. నువ్వు అది తెలిసే అడుగుతున్నావని అనుకున్నాను. మనవైపు గుంటలంటే మనుషుల బిడ్డలే. పిల్లలంటే ఎవరి పిల్లలైనా కావచ్చు. ఆ మాట దొరికినందుకు నా తెలివికి నేనే మురిసిపోయాను. బుల్లమ్మ గురించి రాసినప్పుడు కూడా అమ్మడి పొట్ట సంగతి నాకు తట్టలేదు. నీ ఉత్తరమూ నా ఉత్తరమూ ఒకే చేత్తో పట్టుకున్నాను, తట్టలేదు.

నువ్వు మంచం అడిగావు. నీ ఉత్తరం పట్టుకుని ఆ పందుల పాక ముందు నిలబడ్డాను. తడి సిమెంటు నేల, ఇనుప కటకటాలు. అక్కడ మన అమ్మడు పడుకోవడం కళ్లకి కనబడింది.

ఇక్కడికి రావద్దు. ఇప్పుడే, ఈ ఉత్తరం కింద పెట్టి, బావతో విశాఖపట్నం పెద్దాస్పత్రికి వెళ్లు. ఒక్క పూట కూడా ఆగకు. నూనె ఆపేయి, నెయ్యి కూడా వద్దు. తంతి కొడదామని పరుగెత్తాను. బందు, తంతి ఆఫీసు తలుపులు వేసి ఉన్నాయి. రైళ్లు ఆగిపోయాయి. లేకపోతే ఈ ఉత్తరానికి బదులు నేనే వచ్చేవాణ్ణి. బండి కదలగానే బయల్దేరుతాను.

ఇక నీ దగ్గర ఏదీ దాచను. బుల్లమ్మ నిన్న చచ్చిపోయింది. కోసి చూశాం. కాలేయం గట్టిపడిపోయి ఉంది. ఏ నూనె పోసినా, పోయకపోయినా అది బతికేది కాదని పెద్దసారు అన్నారు. ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాను, అప్పా.

జగన్నాధం

*

కళింగపట్నం,
1969 ఏప్రిల్

తమ్ముడూ,

నువ్వు అమ్మడి దినానికి వచ్చావు. వచ్చి అరుగు మీద తల వంచుకుని కూర్చున్నావు. ఇంటి నిండా జనం ఉంటే మనిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. అప్పుడు చెప్పలేనివి ఇప్పుడు రాస్తున్నాను.

మంచం ఉందని నీ ఉత్తరం వస్తుందని ఎదురు చూశాను. పోస్టుమాను సోములు వీధి మలుపు తిరిగేవరకూ గుమ్మంలోనే నిలబడేదాన్ని. చివరికి మీ బావ నన్ను అడగడం మానేసి అమ్మడిని భుజాన వేసుకుని బస్సెక్కారు. నేను వెనక పరుగెత్తి ఎక్కాను. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూశాడు. లివరు పూర్తిగా చెడిందన్నాడు, ఇంత చిన్న బిడ్డలకి ఇది వస్తుందట. "నూనె వల్ల వచ్చింది కాదమ్మా" అని రెండుసార్లు చెప్పాడు. ముందే తెస్తే బతికేదా అని అడిగితే అమ్మడి కనురెప్పలు మళ్లీ విప్పి చూశాడు. చివరి రాత్రి అది నీళ్లు అడిగింది. తర్వాత "మావయ్య ఆస్పత్రి ఇదేనా?" అని అడిగింది. అవునన్నాను.

ఇంటికి వచ్చాక నీ ఉత్తరం వచ్చింది.

నీ మీద కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. నాన్న మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఒక్క మాట, తమ్ముడూ. వీధిలో బస్సు ఆగినప్పుడు చెప్పగలిగిన ఒక్క మాట. పంది అంటే మా అత్త మహా అయితే రెండు రోజులు నన్ను సాధించి ఉండేది. నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. అమ్మడిని మీ బావ జనవరిలోనే పెద్దాస్పత్రికి తీసుకుపోయేవారు. తర్వాత ఏమయ్యేదో ఆ దేవుడికి తెలియాలి, కానీ నా చేత్తో నేను అడ్డం పడకుండా ఉండేదాన్ని. మనకి ఏం పరువు ఉందని దాన్ని ఇంతగా కాపాడుకున్నాం?

బుల్లమ్మ పంది పిల్ల అని తెలిశాక దాన్ని అసహ్యించుకుందామని చూశాను. చేతకాలేదు. చచ్చిపోయిందని చదివి దానికీ ఏడ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఉత్తరం వచ్చినప్పుడు అత్త అరుగు మీదే ఉంది. అమ్మడు పోయినప్పటినుంచీ మనిషి లేవడం లేదు, అన్నం ముట్టడం లేదు. తన కుడిచెయ్యి చూసుకుంటూ కూర్చుంటుంది. ఆ చేత్తోనే కదా ముద్దలు పెట్టింది. కవరు చూసి, "జగన్నాధం రాసినాడా? సదువు. ఆ బుల్లమ్మకి ఎలాగున్నాదో సదువు" అంది.

నువ్వు పైకి చదవకు అని మొదటనే రాశావు. నాకు ఆ మాట తప్ప ఇంకేమీ కనబడలేదు. తర్వాత కింద అంతా చూశాను. చూసి, ఆవిడ ముఖం కూడా చూశాను. ఆవిడకి ఈ ఉత్తరం ఎలా చదవను, తమ్ముడూ? పందులకి పెట్టే లెక్కతో మనవరాలికి పెట్టావని చెప్పనా? ఆ చెయ్యి ఆవిడ నరుక్కుంటుంది.

కాగితం వైపు చూస్తూ లేనిది చదివాను. "బుల్లమ్మకి కాస్త నయంగా ఉంది" అని చదివాను. అత్త విని, "పోనీలే. ఆ తల్లి కడుపైనా సల్లగున్నాది" అంది. ఆ పూట ఇంత మజ్జిగ తాగింది.

అప్పటినుంచీ రోజూ దీపం పెట్టే వేళకి అడుగుతుంది. "మీ తమ్ముడి దగ్గర గుంటలు బాగున్నారేటి?" బాగున్నారు అత్తా అంటాను. ఎన్నాళ్లు నా అంతట నేను చెప్పను? ఆవిడకి కాగితం కావాలి, పైకి చదవడం కావాలి. నీ చేతిరాత చూపిస్తే నమ్ముతుంది.

అందుకని అడుగుతున్నాను. ఇంతకుముందు నిన్ను మంచం అడిగాను, నువ్వు ఇవ్వలేకపోయావు. ఇది ఇవ్వగలవు. బుల్లమ్మ బాగుపడిందని రాయి. వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లిందని రాయి. అది పందో మనిషో నాకు ఇప్పుడు అనవసరం. ఎక్కడో ఒక చోట ఒక చిన్నది బాగుపడి తల్లితో ఇంటికి వెళ్లిందని ఈ ఇంట్లో ఒకసారి పైకి వినబడాలి. వినాలని నాకూ ఉంది.

ఒక్క మాట. పిల్లలు అని రాయకు. గుంటలు అని రాయి.

అప్ప

*

హైదరాబాదు,
1969 మే

అప్పకీ, దాలమ్మ అత్తకీ జగన్నాధం దండాలు పెట్టి రాస్తున్నాను.

శుభవార్త. మా బుల్లమ్మ బాగుపడింది. ముందు కళ్లలో పసుపు పోయింది. తర్వాత ఒక ఉదయం నేను వెళ్లేసరికి మంచం మీద లేచి కూర్చుని ఆకలన్నది. దాలమ్మ అత్తా, మీ పథ్యం ప్రకారమే మిరియాల చారు పోసి మెత్తగా కలిపి పెట్టాం. నాలుగు ముద్దలు తిన్నది. నాలుగూ అరిగాయి.

పోయినవారం వాళ్లమ్మ వచ్చింది. ఎంత దూరాన్నుంచో నడిచి వచ్చినట్టుంది, కాళ్ల నిండా దుమ్ము. గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిచింది. బుల్లమ్మ అప్పటిదాకా నా చొక్కా అంచు నోట్లో పెట్టుకుని ఉంది. తల్లి గొంతు వినగానే వదిలేసి పరుగెత్తింది. వాళ్లమ్మ దాన్ని ఎత్తుకుని పొట్ట తడిమి చూసుకుంది. మెత్తగానే ఉంది అత్తా. నేను కూడా చూశాను. ఎక్కడా గట్టిగా లేదు. అమ్మడి కోసం కొన్న రబ్బరు బొమ్మ నా పెట్టెలోనే ఉండిపోయింది కదా, అది బుల్లమ్మ చేతికిచ్చి పంపాను. దాంతో ఆడుకుంటూ తల్లి భుజం మీద తల పెట్టుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి నన్ను చూడను కూడా లేదు.

అత్తా, మీరు వేళకి అన్నం తినాలి. రోజూ అడుగుతున్నారని అప్ప రాసింది. మీరేమీ బెంగపెట్టుకోవద్దు.

ఇక్కడ గుంటలందరూ బాగున్నారు.

మీ
జగన్నాధం